బొండాం కంటే తేలికైన యాంప్లిఫయర్: ఎనిమిది నెలల వాడకం

పోయిన కార్తీకమాసంలో, ఒక సోమవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మా హాల్లో వార్నిష్ మాడిన వాసన వచ్చింది. నాది మోటారు వైండింగ్ పని. ఇరవై ఆరేళ్ళుగా ఆ వాసనలోనే బతుకుతున్నాను కాబట్టి కుర్చీలోంచి లేవకుండానే చెప్పేశాను, యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ కాయిల్ కాలిందని. మా ఆవిడ దీపం ప్రమిద కింద పెట్టి, "ఈసారి మాత్రం మళ్ళీ చుట్టకండి బాబూ" అంది. అప్పటికి దాన్ని రెండుసార్లు నా చేత్తోనే చుట్టాను మరి.

అది 1998లో భీమవరంలో ఒక మైకుసెట్ల మేస్త్రీ నాకోసం కట్టిచ్చిన యాంప్లిఫయర్. ఎస్‌టీకే చిప్పు, దానికి వేడి లాగేసే జానెడు అల్యూమినియం హీట్‌సింకు, మందుసీసాల్లా రెండు కెపాసిటర్లు, ఆరు కిలోల ట్రాన్స్‌ఫార్మర్. వేసవిలో దాని మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. చలికాలం పిల్లి వచ్చి దాని పక్కన పడుకునేది. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే అయితే మళ్ళీ చుట్టేవాణ్ణే, మా ఆవిడ మాట పక్కన పెట్టి. ఈసారి చిప్పు కూడా పోయింది. ఇప్పుడు బజార్లో ఆ పేరుతో అమ్మే చిప్పుల్లో నకిలీలే ఎక్కువ. వేసిన వారానికే పోయినవి నా షాపు డ్రాయర్లో ఉన్నాయి.

స్పీకర్లు మాత్రం బంగారం. 8 ఓమ్స్, ఆరున్నర అంగుళాల వూఫర్, వెనకాల 87 డీబీ అని రాసి ఉంటుంది, అంటే ఒక వాటుకి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే లెక్క. మా హాలు పన్నెండడుగులు బై పదహారు, పైన పెంకు, కింద ఎర్ర గచ్చు. వినేది ఎక్కువగా పాత పద్యాలు, చిట్టిబాబు వీణ, బాలమురళి గాత్రం. చిట్టిబాబు కాకినాడలో పుట్టారు, బాలమురళి మన కోనసీమలోని శంకరగుప్తంలో. ఈ గోదావరి నీళ్ళు తాగిన చెవికి వాళ్ళ పాట వేరుగా వినిపిస్తుందని మా నాన్న అనేవారు. అందులో ఎంత నిజముందో గానీ నాకూ ఆ పిచ్చే అంటుకుంది. రాత్రి అన్నాలయ్యాక టీవీ శబ్దం కూడా ఇందులోంచే రావాలి. నాకు కావాల్సిన యాంప్లిఫయర్‌కి ఇంతే పని. ఆ మాత్రం దానికి కొనడంలో నెల రోజులు తిరిగాను.

మొదట మావాడు హైదరాబాద్ నుంచి ఫోన్లో, ఐదు స్పీకర్ల రిసీవర్ సెకండ్‌హ్యాండ్‌ది ఇప్పిస్తానన్నాడు. ఫోటో చూస్తే పెట్టె మా బియ్యం డబ్బా అంత ఉంది. రెండు స్పీకర్లకి ఐదు ఛానెళ్ళు దేనికి? పైగా ఆ బోర్డులో పాడయ్యేది ముందు టీవీ వైరు పెట్టే సాకెట్టు దగ్గరి చిప్పులే. అవి పోతే మన చుట్టుపక్కల చేసేవాడు లేడు. వద్దన్నాను.

తర్వాత ఒక చిన్న బ్లూటూత్ పెట్టె తెప్పించాను. పేరు చెప్పను, ఇప్పుడు అలాంటివి పది పేర్లతో వస్తున్నాయి. లోపల చిప్పు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీపీఏ3116. చిప్పు మంచిదే. పెట్టె మీద మాత్రం "100 వాట్లు + 100 వాట్లు" అని ఉంది. కూడా ఇచ్చిన అడాప్టరు మీద 19 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంది. పంతొమ్మిది మూళ్ళు యాభై ఏడు. యాభై ఏడు వాట్లు లోపలికి తీసుకుని రెండొందల వాట్లు బయటికి ఇచ్చే యంత్రం ఉంటే నేను వైండింగ్ మానేసి కరెంటు అమ్ముకుంటాను.

మోటార్లలో ఈ మోసం నాకు కొత్త కాదు. ఒక హెచ్‌పీ అని ప్లేటు కొట్టి, లోపల ముప్పావు హెచ్‌పీకి సరిపడే సన్న తీగ చుట్టిన మోటార్లు ఎన్ని విప్పానో లెక్కలేదు. ప్లేటుని నమ్మను, తీగ గేజి, అంటే మందం, చూస్తాను. యాంప్లిఫయర్‌కి ఆ తీగ గేజి ఎక్కడుందయ్యా అంటే, అడాప్టరు మీద ఉంది. ఈ చిన్న పెట్టెలు కొనేవాళ్ళు ముందు చదవాల్సింది ఆ నల్ల ఇటుక వెనక ఉన్న చిన్న అక్షరాలు.

ఆ బ్లూటూత్ పెట్టెతో ఇంకో బాధ. స్విచ్చి వేసినప్పుడల్లా లోపల్నుంచి ఒకావిడ ఇంగ్లీషులో గట్టిగా ఏదో అనేది. మా అమ్మకి ఎనభై రెండేళ్ళు, పెరట్లోంచి "ఎవర్రా వచ్చింది?" అని ప్రతిసారీ అడిగేది. నాలుగు రోజులయ్యాక పెట్టె షాపుకి పట్టుకుపోయాను. ఇప్పటికీ అక్కడే ఉంది. వైండింగ్ మిషను చప్పుడులో దాని తప్పొప్పులు ఎవరికీ తెలియవు.

చివరికి తీసుకున్నది ఐయిమా కంపెనీ ఏ07. నల్ల అల్యూమినియం డబ్బా, ముందు ఒక వాల్యూమ్ నాబు, వెనక ఒక జత ఏవీ పిన్నులు, స్పీకర్ టెర్మినళ్ళు, అడాప్టరు పిన్ను. బ్లూటూత్ లేదు, మాట్లాడే ఆవిడ లేదు. లోపల టీపీఏ3255 చిప్పు. ఫోసీ అనే ఇంకో కంపెనీ వాళ్ళ వీ3లోనూ ఇదే చిప్పు. రెండింటి మధ్య చాలా రోజులు ఊగాను, చివరికి నేను కొనే రోజుకి ఏది తొందరగా వస్తుందంటే అదే తీసుకున్నాను. ఈ తరగతిలో పేరు కంటే చిప్పు, చిప్పు కంటే అడాప్టరు ముఖ్యమని నా లెక్క. నేను 32 వోల్టులు, 5 ఆంపియర్లది తీసుకున్నాను.

పార్సెల్ షాపుకే వచ్చింది. మా కుర్రాడు చేత్తో పట్టుకుని ఊపి చూసి, "గురువుగారూ, ఖాళీ డబ్బా పంపేశారండి" అన్నాడు. పక్కన సెంటర్లో కొట్టించుకొచ్చిన కొబ్బరిబొండాం ఉంది. ఒక చేత్తో అది, ఒక చేత్తో ఇది పట్టుకుని చూస్తే బొండామే బరువు. ఆరు కిలోల ట్రాన్స్‌ఫార్మర్‌తో పాతికేళ్ళు కాపురం చేసినవాడికి ఇది మింగుడు పడటం కొంచెం కష్టమే. నాలుగు స్క్రూలు విప్పితే గానీ నా మనసు ఊరుకోలేదు.

విప్పాక నిజంగా ముచ్చటేసింది. రైసుమిల్లుల్లో, ఐస్ ఫ్యాక్టరీల్లో మోటార్లకి వీఎఫ్‌డీ అని డ్రైవు పెడతారు కదా. అది వచ్చిన కరెంటుని ముందు డీసీ చేసి, దాన్ని సెకనుకి కొన్ని వేలసార్లు తెంపి అతికిస్తూ మోటారుకి పంపుతుంది. ఒక్కో ముక్క వెడల్పు పెంచుతూ తగ్గిస్తూ పోతే వైండింగుకి అది నున్నటి అల లాగే అందుతుంది. ఈ పెట్టె క్లాస్ డి రకం యాంప్లిఫయర్, దాని పని సరిగ్గా అదే, కాకపోతే తెంపడం లక్షల్లో. ఈ 3255 సెకనుకి నాలుగున్నర నుంచి ఆరు లక్షలసార్లు తెంపుతుంది. ఆ ముక్కల్ని మళ్ళీ అల కింద సాపు చేయడానికి చిప్పు బయట నాలుగు కాయిళ్ళు, వాటి పక్కన కెపాసిటర్లు. వైండింగువాణ్ణి కాబట్టి ముందు కాయిళ్ళనే చూశాను, పొందిగ్గా చుట్టారు. డి అంటే డిజిటల్ అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఏ, బీ, సీ అయిపోయాక వచ్చిన అక్షరం, అంతేనట.

పాత యాంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్లు సగం తెరిచిన గేటులా నిలబడి, మనం తీసుకున్న కరెంటులో దాదాపు సగం వేడి కింద పారబోసేవి. ఇందులో గేటు అయితే పూర్తిగా తెరిచి ఉంటుంది, లేకపోతే పూర్తిగా మూసి ఉంటుంది. నూటికి తొంభై వరకూ స్పీకరుకే పోతుంది. అందుకే హీట్‌సింకు అంత చిన్నది. మే నెలలో రెండు గంటలు వాయించి చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. పిల్లికి మాత్రం అన్యాయమే జరిగింది.

ఇక అసలు లెక్క. ఈ చిప్పు గురించి తయారీదారు కాగితంలో 315 వాట్లు అని ఉంటుంది. అబద్ధం కాదు. కాకపోతే 4 ఓమ్స్ స్పీకరు, 50 దాటిన వోల్టులు, పైగా నూటికి పది వంతులు డిస్టార్షన్ ఉన్నా పరవాలేదనుకుంటే. పదోవంతు డిస్టార్షన్ అంటే పెళ్ళి ఊరేగింపులో చిరిగిన హారన్ లాంటి గొంతు. మన ఇంటి లెక్క వేరు. అడాప్టరు వోల్టేజీని దాంతోనే హెచ్చవేసి, స్పీకరు ఓమ్స్‌కి రెట్టింపుతో భాగించండి. నాది 32 ఇంటూ 32, అంటే 1024. పదహారుతో భాగిస్తే 64. చిప్పులో, కాయిల్లో పోయింది తీసేస్తే ఛానెల్‌కి 50 వాట్లు శుభ్రంగా వస్తాయి. షాపులో ఉన్న బ్లూటూత్ పెట్టెకి ఇదే లెక్క వేస్తే 22 వాట్లు వచ్చింది. వంద అని రాసిన దానికి!

"48 వోల్టుల అడాప్టరు తీసుకోండి నాన్నా, పవర్ రెట్టింపు" అని మావాడు పోరాడాడు. రెట్టింపు కంటే ఎక్కువే వస్తుంది, కాగితం మీద. చెవికి వచ్చేది మాత్రం మూడున్నర డీబీ తేడా. రిమోట్ మీద రెండు మూడు నొక్కులు. దానికోసం ఇంకో రెండు వేలు పెట్టబుద్ధి కాలేదు. స్పీకర్లు 83, 84 డీబీ రకమైతేనో, హాలు ఇంకా పెద్దదైతేనో వాడి మాట వినాల్సిందే.

అసలు మనం వినేటప్పుడు ఎన్ని వాట్లు ఖర్చవుతాయి? ఒక రాత్రి మల్టీమీటరు ఏసీలో పెట్టి స్పీకరు టెర్మినళ్ళకి తగిలించాను. నాకు సుఖంగా ఉండే వాల్యూములో బాలమురళి ఆలాపన పెడితే ముల్లు వోల్టు, వోల్టున్నర మధ్య ఆడింది. వోల్టున్నర అంటే పావు వాటు పైచిలుకు. నమ్మలేక ఇంకో మీటరు తెచ్చి చూశాను, అదీ అంతే. మృదంగం మీద దెబ్బ పడ్డప్పుడు మూడు దాకా లేచింది, అంటే వాటు చిల్లర. మామూలు మీటరు పాటని సరిగ్గా పట్టుకోలేదు, దెబ్బ పడిన క్షణంలో దానికి పది రెట్లు పోయి ఉండొచ్చు. అలా చూసినా పదీ పదిహేను వాట్లు. పాతికేళ్ళు ఆరు కిలోల ఇనుము మోసింది ఈ పావు వాటు కోసమా అనిపించింది. మా ఆవిడని పిలిచి మీటరు చూపించాను. "అయితే కరెంటు బిల్లు తగ్గుద్దా?" అంది.

శబ్దం ఎలా ఉందంటే చెప్పడానికి ఒక్క రాత్రి చాలు. మొదటి రోజు చిట్టిబాబు వీణ పెట్టాను. పదేళ్ళుగా వింటున్న రికార్డింగే. మీటు, గమకం, మెట్ల మీద తీగ జారే చప్పుడు, ఇవన్నీ నాకు కంఠతా. ఆ రాత్రి వాటి వెనకాల ఇంకోటి వినిపించింది, చిటికెన వేలితో తాళం తీగల్ని మీటడం. చిన్నగా, పక్కకి, లెక్క తప్పకుండా. మొదట ఇదేదో అదనంగా వచ్చిన చప్పుడనుకుని వైర్లు కదిపాను. రెండోసారి పెడితే అదే చోట అదే మీటు. ఇన్నేళ్ళూ అది రికార్డింగులో ఉంది, నా పాత ట్రాన్స్‌ఫార్మర్ "మ్‌ఁ" అని గొణుగుతూ దాన్ని కప్పేసింది. కాబట్టి కొత్త పెట్టె అమృతం పోస్తోందని నేననను. మధ్యలో మాట్లాడేవాడు నోరు మూసుకున్నాడు, అంతే. పాటకీ పాటకీ మధ్య ట్వీటరుకి, అంటే సన్న శబ్దాల చిన్న స్పీకరుకి, చెవి ఆనిస్తే సన్నగా "సు" అంటుంది, అడుగు దూరం జరిగితే అదీ లేదు.

దెప్పాల్సినవి లేకపోలేదు. బాస్, ట్రెబుల్ నాబులు లేవు. కొత్త రికార్డింగులకి అక్కర్లేదు గానీ, పాత పద్యాలు కొన్ని డబ్బా గొంతుతో ఉంటాయి. వాటికి కాస్త ట్రెబుల్ తగ్గిస్తే ప్రాణానికి హాయి. ఇప్పుడు ఆ పని ఫోన్లో చేసుకోవాలి. రిమోట్ లేదు, టీవీలో ప్రకటన రాగానే లేచి వెళ్ళాలి. ఇన్‌పుట్ ఒక్కటే కాబట్టి టీవీకీ ఫోనుకీ మధ్య చిన్న స్విచ్చి డబ్బా నేనే కట్టుకున్నాను. ఇంకొక సంగతి, ఇలాంటి డిజైన్లలో సాపుచేసే కాయిళ్ళ తర్వాత ఏం జరిగిందో చిప్పు వెనక్కి తిరిగి చూసుకోదు. అందువల్ల స్పీకరు ఓమ్స్‌ని బట్టి పై స్థాయి ట్రెబుల్ కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. కాయిళ్ళ తర్వాతి నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే కొత్త మోడళ్ళు వచ్చాయి, కుర్రవాళ్ళయితే అవి చూడండి. నాకు యాభై రెండేళ్ళు, రోజంతా గ్రైండరు పక్కన ఉంటాను. పదివేల హెర్ట్జ్ పైన లోకంలో ఏం జరుగుతోందో నాకు తెలియడం ఎప్పుడో మానేసింది.

మన ప్రాంతం కాబట్టి కరెంటు సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. మా ఉండి ఊరి చుట్టూ ఎటు చూసినా చేపల చెరువులే. పొద్దు కుంకాక నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఒక్కొక్కటీ మొదలవుతాయి, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రాత్రంతా తిరగాల్సిందే. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అలాంటివి డజన్లు. రాత్రి తొమ్మిదింటికి మా ఇంట్లో మీటరు పెడితే ఒకసారి 168 వోల్టులు చూపించింది. ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే పాత యాంప్లిఫయర్‌లో పాట కూడా నీరసపడి, గుయ్యిమనే హమ్ము లేచేది. కొత్తదానికి ఆ సంగతే తెలియలేదు. అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా ఏదిచ్చినా లోపల 32 చేసుకుంటుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్ళినా అంతే. మాది పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్, దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ యాంప్లిఫయర్ తుమ్మెదలా జుమ్మనేది. ఇది కిక్కురుమనదు.

తక్కువ వోల్టేజీతో భయం లేదు. భయమల్లా ఎక్కువతోనే. ఆషాఢంలో ఒక గాలివానకి మా వీధి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగింది. న్యూట్రల్ తెగితే ఇళ్ళలోకి రెండు ఫేజుల మధ్య వోల్టేజీ దూరుతుంది, 400 దాకా పోవచ్చు. ఆ రాత్రి వీధిలో నాలుగు టీవీలు, లెక్కలేనన్ని బల్బులు పోయాయి. నా అడాప్టరు టప్‌మంది. ఆరెంజ్ రంగు మెరుపు, తర్వాత చీకటి. యాంప్లిఫయర్ అయిపోయిందనుకున్నాను. పొద్దున్న షాపు నుంచి 24 వోల్టుల సప్లై తెచ్చి పెడితే శుభ్రంగా పాడింది. అడాప్టరు తనే చచ్చి పెట్టెని బతికించింది. సప్లై విడిగా ఉండటం ఎంత మేలో ఆ రోజు తెలిసింది, పోయింది ఒక్క ఇటుకే. ఇప్పుడు హాలు లైనుకి 260 దాటితే కట్ చేసే రిలే పెట్టాను. ఊరందరి మోటార్లకీ, ఫేజు పోతే మోటారు ఆపేసే ప్రివెంటర్లు బిగించి, మా ఇంటికి పెట్టుకోకపోవడం నా తప్పే. మా ఆవిడ ఆ మాట అనకుండా నా వైపు చూసి ఊరుకుంది.

వైర్ల దగ్గర నా వృత్తి కొంచెం పనికొచ్చింది. స్పీకరు వైరు అని ఆన్‌లైన్లో లావుగా, పారదర్శకంగా మెరిసేది ఒకటి అమ్ముతారు. తెప్పించి బ్లేడుతో ఒక పోగు గీకితే పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంది. అల్యూమినియానికి రాగి పూత. మా తీరగాలికి కొన్నాళ్ళలోనే చివర్లు బూడిద పట్టి, స్క్రూ కింద వదులైపోతాయి. పక్కన పడేసి, ఎలక్ట్రికల్ షాపులో మామూలు ఇంటి వైరింగుకి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కొన్నాను. ఐదు మీటర్ల దూరానికి రానూ పోనూ కలిపి దాని అడ్డంకి ఓమ్‌లో ఎనిమిదో వంతు కూడా ఉండదు. 8 ఓమ్స్ స్పీకరుకి ఇంతకంటే ఏం కావాలి? చివర్లకి బనానా పిన్నులు బిగించాను, ఊడదీసి తుడవడం తేలిక.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మైకుసెట్ల అలవాటులో, పాత కారు స్టీరియోల అలవాటులో మనం రెండు స్పీకర్ల నల్ల వైర్లు కలిపేసి ఒకటే వైరు లాగేస్తాం. ఈ పెట్టెలకి అది ప్రాణాంతకం. ఇందులో ఎరుపూ నలుపూ రెండింటిలోనూ చిప్పు నుంచి కరెంటు వస్తుంది, నలుపు అంటే ఎర్తు కాదు. రెండు ఛానెళ్ళ నల్లవి కలిపినా, బాడీకి తగిలించినా చిప్పు ప్రొటెక్షన్‌లోకి పోతుంది, మన జాతకం బాగోకపోతే పైకే పోతుంది. నేనే సగం లాగేసి, బోర్డు మీద నాలుగు కాయిళ్ళు గుర్తొచ్చి ఆగిపోయాను. ఒక్కో ఛానెల్‌కి రెండేసి కాయిళ్ళు ఎందుకున్నాయి మరి?

టీవీ కలిపిన రోజు హమ్ము వచ్చింది. పెట్టెది తప్పనుకుని అరగంట తిట్టుకున్నాను. కేబుల్ టీవీ వైరు పీకగానే ఆగిపోయింది. ఆ వైరు పై తొడుగు ఎక్కడో వేరే చోట ఎర్తయి ఉంటుంది, మన ఇంటి ఎర్తుకీ దానికీ మధ్య తిరిగే కరెంటే ఆ చప్పుడు. టీవీ ఆప్టికల్ నుంచి డిజిటల్‌ని పాటగా మార్చే చిన్న డీఏసీ ద్వారా తీసుకున్నాక పోయింది, వెలుగు మోసే పోగులో ఎర్తు రాదు కదా.

రాజుగారి గురించి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తి కాదు. నలభై ఎకరాల చెరువులు, మోటార్లన్నీ నా దగ్గరికే వస్తాయి. ఆయన ఇంట్లో పెద్ద హోమ్ థియేటర్ ఉంది. మా ఇంటికొచ్చి దీన్ని చూసి, "ఏమయ్యా, ఈ ఇడ్లీ డబ్బా పాడుతుందా?" అన్నారు.

"ఆయ్, పాడుద్దండి. కూర్చోండి ముందు" అన్నాను.

కూర్చోలేదు. నేరుగా వెళ్ళి నాబు పట్టుకుని తిప్పారు. మీటరు ఇంకా టెర్మినళ్ళకే ఉంది, తొమ్మిది వోల్టులు చూపిస్తోంది, అంటే సగటునే పది వాట్లు. పెంకుల్లోంచి మట్టి రాలింది. ఇంకొంచెం తిప్పేసరికి గొంతు చిట్లడం మొదలైంది. పరిగెత్తుకెళ్ళి తగ్గించాను. ఇలా చిట్లేదాకా తిప్పితే ట్వీటర్లు పోవచ్చు. శక్తికి మించి అరిచే చిన్న యాంప్లిఫయర్ కూడా వాటికి ప్రమాదమే. ఆయనకి గొంతు నచ్చింది గానీ, "గుండె మీద దెబ్బ లేదయ్యా" అన్నారు. నిజమే, లేదు. ఆరున్నర అంగుళాల వూఫర్ల నుంచి ఆ దెబ్బ రాదు, దానికి సబ్‌వూఫర్ పెట్టుకోవాలి, అది యాంప్లిఫయర్ మార్చితే తీరేది కాదు. అదే చెప్పాను. వెళ్తూ వెళ్తూ, చెరువు గట్టు మీద గదిలోకి ఒకటి తెప్పించమని డబ్బులిచ్చారు. ఇన్ని వోల్టులు, ఇన్ని ఆంపియర్లు అని చీటీ రాసి జేబులో పెట్టుకున్నారు.

ఇంక మిగిలింది మా అమ్మ రేడియో. ఆవిడకి పొద్దున్నే విజయవాడ కేంద్రం భక్తిరంజని వినకపోతే కాఫీ దిగదు. పాత సెట్టు, మీడియం వేవ్. కొత్త యాంప్లిఫయర్ వచ్చిన వారానికి, "రేడియోలో వాన పడుతోందిరా" అంది. బయట ఎండ కాస్తోంది. సెట్టు చెవి దగ్గర పెట్టుకుంటే నిజంగానే చూరు కారినట్టు బరబరా. సెకనుకి నాలుగైదు లక్షలసార్లు తెంపడం అన్నాను చూశారూ, మీడియం వేవ్ స్టేషన్లుండేది సరిగ్గా ఆ పొలిమేరలోనే. స్పీకరు వైర్లు ఏరియల్లా పనిచేసి ఆ ముక్కల్ని ఇల్లంతా చల్లుతున్నాయి. వైర్లు పొట్టి చేసి మెలేశాను, రేడియో పక్కగదిలోకి మార్చాను. తుంపరకి దిగింది గానీ పూర్తిగా వెలవలేదు. అందుకని గోడ స్విచ్చి మీద తెల్ల టేపు అంటించి "అమ్మ" అని రాశాను. భక్తిరంజని అయిపోయి, ఆవిడ గ్లాసు కడిగి బోర్లించిన చప్పుడు వినిపించేదాకా ఇంట్లో ఎవరూ ఆ స్విచ్చి జోలికి పోరు.